ఆయమ్మకో ఎస్‌ఓపీ

మందుల ఫ్యాక్టరీలో తప్పులు పట్టడం నా ఉద్యోగం. క్వాలిటీ అస్యూరెన్స్ అంటారు. బాచుపల్లి, జీడిమెట్ల, పాశమైలారం వైపు తెల్లకోటు తొడుక్కుని, తలకు టోపీ పెట్టుకుని, చేతిలో ప్యాడ్‌తో మిషన్ల మధ్య తిరిగేవాళ్లలో నేనొకణ్ణి. మేం కనిపిస్తే ఆపరేటర్లు మాటలు ఆపేస్తారు. ఏ పని ఎలా చేయాలో అంచెలంచెలుగా రాసిపెట్టిన కాగితాన్ని ఎస్‌ఓపీ అంటాం. మా బతుకంతా ఎస్‌ఓపీలే. చేతులెలా కడుక్కోవాలో ఒక ఎస్‌ఓపీ, గౌను ఎలా తొడుక్కోవాలో ఒక ఎస్‌ఓపీ, కొత్త ఎస్‌ఓపీ ఎలా రాయాలో చెప్పడానికి ఇంకో ఎస్‌ఓపీ. రాసి లేనిది జరగనట్టే అన్నది మాకు వేదవాక్యం. ఇలాంటివాడు ఇంట్లో పిల్లల్ని చూసుకోవడానికి మనిషిని పెట్టుకుంటే ఏమవుతుందో నన్నెరిగినవాళ్లు ఎవరైనా ముందే చెప్పేవాళ్లు. నేనెవర్నీ అడగలేదు.

మా ఆవిడకు రెండో కాన్పు సెలవు అయిపోవచ్చింది. 2017లో చట్టం సవరించిన పుణ్యాన 26 వారాలు దొరికాయి. 50 మంది, ఆ పైన ఉద్యోగులున్న చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ కూడా ఉండి తీరాలని ఆ సవరణే చెప్పింది. ఆవిడ ఆఫీసుకు క్రెష్ ఉంది, ఆఫీసులో మాత్రం లేదు. ఊరికి ఆ చివర ఎవరితోనో ఒప్పందం కుదుర్చుకుని కాగితం మీద చూపించారు. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. మా అత్తగారికి ఇంకో కూతురుంది, ఆ కూతురికీ నెలలు నిండుతున్నాయి. మూడేళ్ల పెద్దాడూ ఆరు నెలల పాపా ఇంట్లో ఉండగా ఏజెన్సీకి ఫోన్ చేశాం. వాళ్లు ఒక నెల జీతం కమిషన్‌గా పుచ్చుకుని, మూడు నెలల్లోపు మనిషి నచ్చకపోతే ఇంకొకరిని పంపుతామని, మిక్సీకి ఇచ్చినట్టు గ్యారంటీ కాగితం చేతిలో పెట్టారు. దాన్ని నేను ఫైల్లో భద్రంగా దాచాను కూడా.

వచ్చినావిడది పలాస అవతల ఒక పల్లె. భర్తది సెంట్రింగ్ పని, మా నిజాంపేట చుట్టుపక్కల లేస్తున్న బిల్డింగుల్లోనే. యాభై దాటిన మనిషి. పిల్లలు ఎలా పిలిస్తే మేమూ అలాగే పిలిచాం, ఆయమ్మ అని. నేను ఇంటర్వ్యూ చేశాను. "ఇంతకు ముందు ఎక్స్‌పీరియన్స్ ఉందా?" అని అడిగితే ఆవిడ కాసేపు నా మొహం చూసి, "ముగ్గుర్ని కన్నాను బాబూ, మా సెల్లెలి పిల్లల్ని ఇద్దర్ని పెంచినాను. ఇదిగాక ఇంకేటైనా కావాలా?" అంది. ఇంకా చాలా కావాలి. అదంతా అప్పటికే నా ల్యాప్‌టాప్‌లో టైపయి ఉంది.

మూడు పేజీలు. పైన ఉద్దేశం, పరిధి, బాధ్యతలు. పరిధి అన్నచోట "ఫ్లాటు లోపల, బాల్కనీ, లిఫ్టు, కింద పార్కు" అని రాశాను. నవ్వుకోండి. ముందు ఇంగ్లీషులో రాసి, తర్వాత తెలుగులోకి మార్చి, ప్రింటు తీసి, లామినేషన్ చేయించి ఫ్రిజ్‌కు అయస్కాంతాలతో అంటించాను. పక్కనే ఒక చార్టు: పాలు, నిద్ర, డైపర్, పెద్దాడి భోజనం, ఒక్కోదానికి ఒక్కో గడి, ప్రతి గడిలో టైమూ టిక్కూ. జరిగింది జరిగినప్పుడే రాయాలి, సాయంత్రం కూర్చుని అన్నీ కలిపి నింపకూడదు అని కింద ఎర్ర అక్షరాల్లో ఉంది. ఇది ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన జబ్బు. 2013 తర్వాత కొన్నేళ్లపాటు మన దేశపు మందుల కంపెనీలకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ రాసిన హెచ్చరిక లేఖల్లో చాలావాటికి మూలం ఇదే, లెక్కలు తర్వాత నింపడం, ఉన్నది కొట్టేసి కొత్తది రాయడం. ఆ లేఖల కాలంలో ఉద్యోగంలో ఎదిగినవాణ్ణి. సెల్లార్లో కారు పెట్టినా టైము చూసుకునే రకం.

ఆ మూడు పేజీల్లో పనికొచ్చే మాటలు లేకపోలేదు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదు. పెద్దాడికి ద్రాక్షపళ్లు నిలువునా కోసి పెట్టాలి, పల్లీలు గుళ్లుగా ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. బాత్‌రూమ్‌లో నీళ్లున్న బకెట్ వదలకూడదు, పారాడే పిల్లల్ని ముంచడానికి జానెడు నీళ్లు చాలు. పాపకు ఫోన్ చూపించకూడదు. ఏడాది లోపు పిల్లలకు తెర అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, నా సొంత పైత్యం కాదు. వీటిలో ఒక్కదాన్నీ ఇప్పటికీ వదులుకోను.

కానీ అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో, బొమ్మలు రంగుల వారీగా డబ్బాల్లో సర్దాలని ఉంది. రోజుకు అరగంట ఫ్లాష్‌కార్డులు చూపించాలని ఉంది. పాల సీసాల బ్రష్ వేరు, మూతల బ్రష్ వేరు అని ఉంది. పిల్లలు పడుకున్న "ఖాళీ సమయంలో" గిన్నెలు తోమి, పిల్లల బట్టలు ఉతికి మడతపెట్టి, రాత్రికి చపాతీ పిండి కలిపి ఉంచాలని ఉంది. కొరియర్ వస్తే తీసుకోవాలి. గీజర్ మెకానిక్ వస్తే దగ్గరుండాలి.

ఫ్యాక్టరీలో ఏ లోపం కనిపించినా మేం మొదట చేసే పని దాని బరువు తేల్చడం. ప్రాణం మీదికొచ్చేది క్రిటికల్, దాని కింద మేజర్, చిల్లరది మైనర్. బకెట్ నీళ్లూ బొమ్మల రంగులూ ఒకే గాటన కట్టిన ఆడిటర్ని మా దగ్గర చులకనగా చూస్తారు. ఇంట్లో నాకు అన్నీ క్రిటికలే. అన్నీ ముఖ్యమే అన్న యజమాని దగ్గర తెలివైన మనిషి ఏం చేస్తుంది? సాయంత్రం వచ్చి అతను దేన్ని చూస్తాడో కనిపెట్టి దాన్ని చేస్తుంది. నేను వచ్చీరాగానే చూసేది సింకు, బొమ్మల డబ్బాలు, చార్టు. ఆ మూడూ రోజూ అద్దంలా ఉండేవి. పిల్లాడు మధ్యాహ్నం ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడా, నవ్వుతూ పోయాడా అన్నది సింకులో కనపడదు కదా.

ఖాళీ సమయం అనే మాట రాసినప్పుడు నేను ఏ లోకంలో ఉన్నానో. మా ఇద్దరు పిల్లలూ ఒకేసారి నిద్రపోయిన మధ్యాహ్నం పుట్టలేదు. పాప కన్ను మూస్తే వాడు ఉచ్చ అంటాడు, వాడు పడుకుంటే అది లేస్తుంది. ఒక ఆదివారం మా ఆవిడ ఎవరిదో సీమంతానికి వెళ్తే ఇద్దరూ నా చేతిలో పడ్డారు. పావుగంటలో పెద్దాడికి ఫోన్ ఇచ్చాను. దాని సంగతి చార్టులో రాయలేదు.

అప్పట్లో అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం లెక్కన మనిషి చేత ఏకబిగిన అయిదు గంటలకు మించి పని చేయించకూడదు, మధ్యలో అరగంట విశ్రాంతి ఇవ్వాలి, వారానికి 48 గంటలు దాటకూడదు, దాటితే రెట్టింపు కూలీ. మా ఫ్యాక్టరీలో ఆపరేటర్ భోజనం బ్రేక్ తగ్గిందని సూపర్‌వైజర్ మీద నేనే నోట్ రాశాను ఒకసారి. మరి ఆయమ్మ ఎప్పుడు తింటుంది? ఆ ప్రశ్న నాకు రాలేదు. హాల్లో కెమెరా పెట్టించుకున్నాను కదా, ఒక రోజు ఆఫీసు నుంచి చూస్తుంటే ఆవిడ వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడి, పాపను చంకనేసుకుని, ఇంకో చేత్తో టిఫిన్ డబ్బాలో అన్నం కలుపుకుని తింటోంది. నేను వెంటనే ఫోన్ చేశాను. ఏమని? "పాపను ఎత్తుకుని తినకు, వేడివేడి కూర మీద పడుతుంది" అని. ఆవిడ డబ్బా మూత పెట్టేసింది. ఆ మూత పెట్టడం కూడా తెర మీద చూశాను. చూసి, మాట విన్నదని తృప్తి పడ్డాను.

సెలవు సంగతీ అంతే. ఇంటి పనివాళ్లకు వారానికి కనీసం 24 గంటలు వరుసగా విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఒక ఒప్పందం చేసింది, దాని నంబరు 189. మన దేశం దానికి అనుకూలంగా ఓటు వేసింది గానీ ఆమోదముద్ర వేయలేదు. మా ఇంట్లోనూ అదే పద్ధతి. ఆదివారం సెలవని మొదటి రోజే ఒప్పుకున్నాను. శనివారం రాత్రి ఫోన్ చేసి, "రేపు ఒక్క పూట, పదింటికల్లా పంపించేస్తాం" అనేవాణ్ణి. సాయంత్రం ఏడింటికి వెళ్లాల్సిన మనిషి మేం వచ్చేదాకా ఆగాలి, మేం ఎప్పుడొస్తామో మియాపూర్ సిగ్నల్ నిర్ణయిస్తుంది.

ఇంకో సంగతి చెప్పుకోవాలి. మా ఎస్‌ఓపీలో "పిల్లల్ని సొంత పిల్లల్లా ప్రేమగా చూసుకోవాలి" అని ఒక అంశం ఉంది. అది ఆవిడ నిజంగానే పాటించింది. దాంతో ఇబ్బంది మొదలైంది. సాయంత్రం పాపను తీసుకోబోతే ఆయమ్మ మెడ పట్టుకుని ఏడ్చేది. మా ఆవిడ బెడ్‌రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకునేది. పెద్దాడు నన్ను చూడగానే "నాన్నా, ఏటి తెచ్చినావు?" అనడం మొదలుపెట్టాడు. పిల్లాడి భాష పాడైపోతోందని బొబ్బిలిలో ఉన్న మా అమ్మకు ఫోన్లో వాపోతే ఆవిడ పడీపడీ నవ్వింది. "మీ నాయనమ్మ ఎలా మాట్లాడేదనుకున్నావురా? నువ్వు ఎలా మాట్లాడేవాడివనుకున్నావు?" అంది.

ఇవన్నీ చిన్న తెలివితక్కువతనాలు. నవ్వేసి ఊరుకోవచ్చు. అసలుది వేరే.

చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం ఆయమ్మే నాకు ఫోన్ చేసింది. "గుంటడు సోఫా మీంచి గెంతినాడు బాబూ. నుదుటి మీద బొప్పి కట్టింది. సన్నీల గుడ్డ ఒత్తినాను. ఏడుపు మానీసినాడు, అన్నం తినీసినాడు. మీకు సెప్పాలనీసి సేసినాను" అంది. ఇంతకంటే పద్ధతిగా ఎవరూ చెప్పలేరు. ఏం జరిగింది, ఎక్కడ తగిలింది, ఏం చేశాను, ఇప్పుడెలా ఉంది. మా ఫ్యాక్టరీలో, పని పద్ధతి తప్పినప్పుడు రాసే డీవియేషన్ రిపోర్టు ఇంత శుభ్రంగా రాసేవాళ్లు నలుగురుంటే గొప్ప.

నేనేం చేశాను? సాయంత్రం వచ్చి కెమెరా రికార్డింగు వెనక్కి తిప్పి విచారణ పెట్టాను. లోపానికి మూలకారణం తేలేదాకా ఎందుకు, ఎందుకు అని అయిదుసార్లు అడగడం మా దగ్గరో పద్ధతి. ఎందుకు పడ్డాడు? గెంతాడు కాబట్టి. ఎందుకు గెంతాడు? సోఫా ఎక్కాడు కాబట్టి. ఎందుకు ఎక్కాడు? ఆవిడకు ఓపిక నశించింది. "మూడేళ్ల గుంటడు బాబూ, ఎక్కడా మరి?" అంది. నాకు ఒళ్లు మండింది. వాడు గెంతినప్పుడు ఆవిడ బట్టలు మడతపెడుతూ కెమెరాలో కనిపిస్తోంది. ఆ బట్టలు మడతపెట్టమని రాసింది నేనేనన్నది ఆ నిమిషాన తట్టలేదు. "ఇంకోసారి పిల్లలకు దెబ్బ తగిలితే జీతంలో కోత పెడతాను" అన్నాను. అన్నదాన్ని చార్టు వెనక రాసి సంతకం కూడా పెట్టించుకున్నాను.

ఆ తర్వాత మా ఇంట్లో ఎవరికీ ఏ దెబ్బా తగల్లేదు. వారాలకు వారాలు. చార్టు నిండా టిక్కులే. నాకు చెప్పలేనంత సంతోషం. అదే ఫ్యాక్టరీలో అయితే, ఏ డిపార్టుమెంటులోనైనా నెలల తరబడి ఒక్క డీవియేషన్ కూడా నమోదు కాలేదంటే మేం అభినందించం, అనుమానిస్తాం. ఆడిటర్లు ముందు అటే వెళ్తారు. తప్పు చెప్పినవాడి మీద అరిస్తే తప్పులు తగ్గవు, చెప్పడం తగ్గుతుంది. కొత్తగా చేరిన సూపర్‌వైజర్లకు ఈ పాఠం చెప్పేది నేను. స్లైడ్లు కూడా నావే. బెల్టు తెగిందని చెప్పిన ఆపరేటర్‌ను తిట్టిన బ్యాచ్ కథ ఒకటుంది, అది చెబితే క్లాసంతా నవ్వుతుంది.

పాపకు పదో నెల. పారాడుతోంది, మంచం అంచు పట్టుకుని నిలబడుతోంది. ఆ రోజు రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో మా ఆవిడ జుట్టు దువ్వబోతే కెవ్వుమంది. చెవి పైన, జుట్టు లోపల, మెత్తగా వాపు. అంతలో తాగిన పాలన్నీ కక్కేసింది. ఆయమ్మకు ఫోన్ చేశాను. "ఈ రోజు పాప పడిందా?" "నేదు బాబూ." "ఏమైనా తగిలిందా?" "ఏటీ నేదు బాబూ." చార్టు చూశాను. అన్నీ టిక్కులే. కారు తీశాను.

హాస్పిటల్లో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ పాప తల తడిమి చూస్తూ వరసగా అడుగుతోంది. ఎప్పుడు పడింది? ఎంత ఎత్తు నుంచి? కింద నేలా, పరుపా? పడగానే ఏడ్చిందా, లేక కాసేపు కదలకుండా ఉండిపోయిందా? తర్వాత ఎప్పటిలా ఆడుకుందా? దేనికీ మా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నలు ఊసుపోక అడిగేవి కావు. చిన్నపిల్లల తలకు దెబ్బ తగిలితే సీటీ స్కాన్ తీయాలా, ఊరికే కనిపెట్టి చూస్తే చాలా అన్నది వాటి మీదే తేల్చుకుంటారు. అమెరికాలో 42 వేల మందికి పైగా పిల్లల్ని పరిశీలించి 2009లో లాన్సెట్ పత్రికలో అచ్చువేసిన పెకార్న్ సూత్రాలు అవి. రెండేళ్ల లోపు బిడ్డకు నుదుటి మీద బొప్పి కంటే పక్కనో వెనకో వచ్చిన వాపును ఎక్కువ పట్టించుకోవాలి. మూడడుగులకు మించిన ఎత్తు నుంచి పడితే ఒక లెక్క, లోపలైతే ఇంకో లెక్క. అయిదు సెకన్లయినా స్పృహ తప్పిందా అన్నది ఇంకోటి. సీటీ అంటే రేడియేషన్, అంత చిన్న తలకు ఊరికే పెట్టరు. "చూసుకునేవాళ్లు ఎవరు? వాళ్లను అడగండి" అంది డాక్టరమ్మ.

అంటే నుదుటి బొప్పి, పెద్ద ఇబ్బంది లేనిది, ఆయమ్మ చెప్పింది. చెవి పైన వాపు, తప్పక చెప్పాల్సింది, చెప్పలేదు. ఈ రెంటికీ మధ్య నా విచారణ ఉంది.

నేను మళ్లీ ఫోన్ తీస్తే మా ఆవిడ లాక్కుంది. "అమ్మా, నేను. మిమ్మల్ని ఏమీ అనం. జీతం కోయం. డాక్టర్ గారికి తెలియాలి, అంతే. ఏం జరిగిందో చెప్పండి" అంది. మా ఆవిడ ఆయమ్మను మీరు అనడం నేను వినడం అదే మొదలు. అటువైపు నుంచి చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత ఏడుస్తూనే అన్నీ చెప్పింది. బెడ్‌రూమ్‌లో మంచం మీంచి. మోకాలి మీదికి వస్తుందంతే. కింద గచ్చు. పడగానే గుక్కపట్టి ఏడ్చింది. ఎత్తుకున్నాక సర్దుకుంది. నాలుగింటికి అరటిపండు తింది, పెద్దాడితో ఆడుకుంది, నవ్వింది.

"ఎన్నింటికి పడిందో గుర్తుందా?"

"రెండూ నలభై."

అంత కచ్చితంగా ఎలా తెలుసంటే, పాల సీసా ఖాళీ కాగానే పాపను మంచం మధ్యలో పడుకోబెట్టి, అటూ ఇటూ దిండ్లు పెట్టి, ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి చార్టులో టైము రాసిందట. జరిగినప్పుడే రాయాలి కదా. ఆ రాస్తున్నప్పుడే ధబ్బున చప్పుడు వినిపించింది. గడిలో 2:40 పక్కన టిక్కు సగంలో ఆగి వంకరగా ఉంది, ఇంటికొచ్చాక చూశాను.

మరి హాల్లో పరుపు పరిచి ఉంటుంది కదా, పాపను బెడ్‌రూమ్‌లో ఎందుకు పెట్టుకుంది? అది కూడా ఆ రాత్రే తెలిసింది. సోఫా గొడవ అయినప్పటి నుంచి పిల్లల్ని హాల్లో ఉంచడం మానేసింది. హాల్లో కెమెరా ఉంది మరి.

పడి అప్పటికి ఏడు గంటలు దాటింది. ఆ ఏడు గంటల్లో పాప తిన్నది, ఆడింది, నవ్వింది అన్న మాట విన్నాక డాక్టరమ్మ స్కాన్ వద్దని చెప్పి, అర్ధరాత్రి దాకా అక్కడే ఉంచి చూసి, పాలు తాగి నిలుపుకున్నాక ఇంటికి పంపింది. చార్టుకు ఆ ఒక్క మార్కు ఇవ్వాలి, టైము అదే చెప్పింది. పడేసిందీ అదే.

పొద్దున్న ఆవిడ రాదనుకున్నాను. గ్యారంటీ కాగితం గడువు కూడా దాటిపోయింది. ఎనిమిదింటికి బెల్ మోగింది. ఆవిడ లోపలికి రాలేదు, గుమ్మం బయటే నిలబడింది. నేను క్షమించమని ఏదో నసుగుతుంటే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. "గిన్నెలకి, బట్టలకి వేరే మనిసిని పెట్టుకోండి బాబూ. ఇద్దరు గుంటల్ని సూడాలంటే నా సేతులు కాలీగా ఉండాల. ఆ కాయితం నాకొద్దు. ఏదైనా అయితే నేనే సెప్తాను. సెప్తే తిట్టకూడదు. తిడతాననుకుంటే ఇప్పుడే సెప్పండి, ఎల్లిపోతాను." నా మూడు పేజీలకు ఆవిడ జవాబు నాలుగు ముక్కల్లో అయిపోయింది. వాటిలో కొట్టేయాల్సింది ఒక్కటీ కనపడలేదు.

గిన్నెలకు, బట్టలకు ఇంకొకావిడ వస్తోంది. ఆ ఖర్చు ఎంతో తెలిశాక, అన్ని నెలలూ ఆ పని ఎంతకు చేయించుకున్నానో కూడా తెలిసింది. కెమెరా తీసేయలేదు, నిజం చెప్పాలి, మా ఆవిడ ఉంచమంది. పిల్లల్ని పరాయి మనిషికి అప్పగించి వెళ్లే తల్లికి ఆ మాత్రం ఉండొచ్చని ఆయమ్మే అంది. కాకపోతే దాన్ని నా ఫోన్లోంచి తీసేశారు. ఏడు దాటితే గంటకింత అని లెక్క కట్టి ఇస్తున్నాం. శనివారం రాత్రి ఫోన్లు లేవు. ఫ్రిజ్ మీద ఇప్పుడు ఒక్క కాగితమే ఉంది: మా ఇద్దరి నంబర్లు, పిల్లల డాక్టరు నంబరు, అంబులెన్సుకు 108, కింద బకెట్టు, తేనె, ద్రాక్షపళ్లు, ఫోన్. బొమ్మలు హాలంతా ఉంటాయి. చీకట్లో కాలికి గుచ్చుకుంటాయి.

మార్పు వచ్చిందని చెప్పుకోవడానికి మాత్రం నోరు రావడం లేదు. ఇప్పుడావిడ ప్రతిదానికీ ఫోన్ చేస్తుంది. గుంటడు చీమను తిన్నాడు. పాప గోడ సున్నం నాకింది. లిఫ్టులో ఎవరో పాప బుగ్గ గిల్లారు. మీటింగులో కూర్చుని "సరే, సరే" అంటూ పళ్లు కొరుక్కుంటాను. మొదట వచ్చేది కోపమే. అది నోట్లోంచి బయటపడకముందే మింగడం నేర్చుకుంటున్నాను, యాభై దాటిన ఆపరేటర్ కొత్త మిషన్ నేర్చుకున్నట్టు కష్టంగా.

మొన్న ఆడిట్ ముందు రోజు, గదినిండా జనం. ఫోన్ మోగింది. "బాబూ, పాటలు పాడే బొమ్మ ఉంది కదా, దాని ఎనక మూత ఊడిపోనాది. లోపల గుండ్రటి బ్యాటరీలు మూడుండాల, రెండే ఉన్నాయి. గుంటడు నోట్లో ఏటీ కనపడ్నేదు. పాపకీ సూసినాను. మింగీసినారేమో తెలీదు."

బిళ్ల బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. అప్పుడు ఒక్కో నిమిషం లెక్కే. వెంటనే ఆటో ఎక్కి ఇద్దర్నీ హాస్పిటల్‌కు తీసుకెళ్లమన్నాను, ఎక్స్‌రే తీయమని చెప్పమన్నాను, నేను బయల్దేరానన్నాను. బ్యాటరీ బొమ్మ కొన్నది ఎవరు, మూత స్క్రూ బిగించి ఉందో లేదో చూడనిదెవరు అనే విచారణ కారులో నాకు నేనే చేసుకున్నాను. బొమ్మ కొన్నది నేనే.

బాచుపల్లి దాటకముందే మళ్లీ ఫోన్. ఆటో హాస్పిటల్ దాకా వెళ్లనే వెళ్లిందట, గేటు దగ్గర పెద్దాణ్ణి దించుతుంటే వాడి నిక్కరు జేబులోంచి బ్యాటరీ కింద పడింది. మూడూ దొరికాయి. నేను కారు పక్కకు తీసి ఆపాను. ఏమనాలో తెలియక ఊరుకున్నాను.

"కోపమొచ్చిందా బాబూ?" అంది అటునుంచి.

"వచ్చింది" అన్నాను.

"మరి తిట్టనేదే?"

"ఆటో డబ్బులు ఎంతయ్యాయి?" అని అడిగాను.